ఇనుప కమ్మీకి చెంబెడు నీళ్ళు

ఆ ఏడు పుంగనూరు చుట్టుపక్కల తోట ఇళ్ళలో ఆడవాళ్ళను చంపడం మొదలైంది. తొంభైల మధ్యనాటి మాట ఇది. ఊరికి దూరంగా, బోరు పక్కన, టమాటా మళ్ళ నడుమ రెండు గదుల ఇల్లు వేసుకుని ఉండేవాళ్ళు ఆ వైపు చాలామంది. మగవాళ్ళు కాయలు వేసుకుని మదనపల్లె మార్కెట్ యార్డుకు పోయిన సమయం చూసుకుని, మిట్టమధ్యాహ్నం ఇద్దరు మోటారు సైకిల్ మీద వచ్చేవాళ్ళు. దాహమవుతోంది, కొంచెం నీళ్ళు ఇమ్మని అడిగేవాళ్ళు. ఆమె చెంబు ముంచడానికి లోపలికి తిరగ్గానే వెనకనుంచి తలమీద కొట్టి, కమ్మలూ గొలుసూ లాక్కుని పోయేవాళ్ళు. మొదటామె అక్కడికక్కడే పోయింది. రెండో ఆమె బతికి, జరిగింది చెప్పగలిగింది కాబట్టి ఈ నీళ్ళ సంగతి అందరికీ తెలిసింది.

పోలీసులు ఆటోకు మైకు కట్టి ఊరూరా తిరిగారు. కొత్తవాళ్ళకు నీళ్ళు ఇవ్వకండి అన్నారు. ఎండలో వచ్చి దాహం అన్నవాడికి నీళ్ళు లేవని చెప్పే ఆడమనిషి మా వైపు ఎక్కడుంది? ఆ మైకు మాట చెవిన పడగానే నాకు ఒళ్ళు మండింది.

నేనప్పుడు మదనపల్లెలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో ఫిజిక్సు చెప్పేదాన్ని. నా కోపానికి పిల్లలు పెట్టిన పేరు ఏమిటో నాకు తెలుసు, ఇక్కడ రాయను. ఆదివారాలు చర్చి అయిపోగానే బస్టాండు దగ్గర ఒక రేడియో షాపు వెనక గదిలో కొందరం కూడేవాళ్ళం. షాపాయన, పోస్టాఫీసు గుమాస్తా ఒకాయన, నాలాంటి టీచర్లు ఇద్దరు ముగ్గురు. పల్లెలకు పోయి నిమ్మకాయలో నెత్తురు ఎట్లా వస్తుందో, అరచేతిలో కర్పూరం ఎట్లా వెలిగించవచ్చో చేసి చూపించి, ఇందులో మహిమ ఏమీ లేదని చెప్పి వచ్చేవాళ్ళం. జనం చప్పట్లు కొట్టి, మరునాడు మళ్ళీ ఆ స్వాముల దగ్గరికే పోయేవాళ్ళు. అయినా మాకు అదొక సరదా.

ఆ ఆదివారం మాత్రం ఎవరూ కర్పూరం మాట ఎత్తలేదు. ఆ ఇళ్ళకు ఫోన్లు లేవు. అరిస్తే మోటరు శబ్దంలో వినపడదు. కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో కరెంటు ఆఫీసుకే తెలియదు. టార్చి సెల్లులతో పనిచేసే గంట ఒకటి చేసి, తీగ లాగి, పక్కవాళ్ళ ఇంట్లో మోగేలా పెడదామని నేను అన్నాను.

రేడియో షాపాయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "టీచర్, ఆయమ్మ చేతిలో చెంబుంటాది గదా. చేత్తో నొక్కేది పెడితే లాభం ల్యా. కాలికింద పెడదాం" అన్నాడు.

నాకు తట్టని సంగతి అది. రెండు చెక్కముక్కలు, మధ్యలో స్ప్రింగు, రెండు ఇత్తడి రేకులు. నీళ్ళ బాన ముందు గోనెపట్ట కింద అది దాచి పెడితే, నీళ్ళు ముంచుతూనే కాలితో తొక్కవచ్చు. వచ్చినవాడికి కనపడదు. మేం చేసిన పనులన్నిటిలో నాకు ఇప్పటికీ తప్పు కనపడనిది ఆ చెక్కముక్కలొక్కటే.

మొదటి గంట పెట్టమని మమ్మల్ని అడిగింది పుంగనూరు దగ్గర ఒక రైతు కుటుంబం. ఇల్లు ఒక విధవరాలిది. యాభై దాటని మనిషి, పిల్లలు లేరు. భర్త పోయాక మరిది ఊళ్ళోకి వచ్చెయ్యమంటే రానని, తానే మడక దున్నేవాళ్ళను మాట్లాడుకుని, తానే టమాటా పెట్టించి, తానే యార్డుకు పోయి వేలంపాట దగ్గర నిలబడి దళారులతో పోట్లాడే మనిషి. ఆమెను నేను అక్కా అనేదాన్ని, ఇక్కడా అట్లాగే అంటాను. మా ఇద్దరికీ మొదటిరోజే కుదిరింది. కోపిష్టివాళ్ళు ఒకరినొకరు ఇట్టే గుర్తుపడతారు.

"గంట మోగితే వాళ్ళు పారిపోతారా, నన్ను ఇంకో దెబ్బ కొడతారా టీచరమ్మా?" అని అడిగింది.

"గంట ఈడ మోగదు అక్కా. పక్కింట్లో మోగుతాది. వాళ్ళు వస్తారు."

"పక్కిల్లు యాడుండాది నాకు?"

ఆ ప్రశ్న దగ్గరే అంతా ఉంది. నేను ఇంటి వాకిట్లోనుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. చింతచెట్టు దాటితే దళితుల వాడ. అక్కడ మొదటి ఇంటికి సరిగ్గా రెండు వందల పది అడుగులు. ఆ ఇంట్లో ఉండే ఆమె అక్క తోటలోనే కాయలు కోసేది. అత్త, ఇద్దరు మరుదులు, ఎప్పుడూ ఎవరో ఒకరు ఇంటి దగ్గర ఉండేవాళ్ళు. రేడియో ఆయన కూడా అదే ఇల్లు చూపించి, రెండు తీగలు లాగితే ఆరు సెల్లులతో గంట ఖంగుమంటుందని అన్నాడు.

అక్క మరిది అప్పుడే ఊళ్ళోనుంచి వచ్చాడు. మర్యాదైన మనిషి, గట్టిగా కూడా మాట్లాడడు. "వాళ్ళింట్లో మా ఇంటి గంట మోగేది ఏం బాగుంటాదప్పా?" అన్నాడు రేడియో ఆయనతో. "రేపు ఊరికే మోగినా వాళ్ళు లోపలికి వచ్చి నిలబడతారు. మేం లేమా ఏం? మా ఇంటికి లాగండి."

ఆయన ఇల్లు ఊళ్ళో, దగ్గర దగ్గర కిలోమీటరు దూరం.

అక్క నా వైపు చూసింది. ఏమన్నా చెప్తానేమోనని చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది కూడా. ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను పుట్టింది అట్లాంటి వాడలోనే. మా అమ్మ ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి నన్ను బీఎస్సీ దాకా చదివించింది. నా పేరు విన్న మరుక్షణం ఎదుటివాళ్ళకు నేను ఎవరో తెలిసిపోతుంది. ఆ పొద్దున ముందుగా ఊళ్ళో మరిది గారి ఇంటికి పోయినప్పుడే, వసారాలో రేడియో ఆయనకు స్టీలు గ్లాసులో, నాకు గాజు గ్లాసులో కాఫీ వచ్చింది. నేను తాగి, గ్లాసు కడిగి గోడమీద బోర్లించి వచ్చాను. అట్లా తాగడం నాకు కొత్త కాదు. వచ్చిన పని చెడగొట్టుకోకూడదని మనసుకు చెప్పుకున్నాను.

అదొక్కటే అయితే నన్ను నేను కొంచెం క్షమించుకునేదాన్ని. ఇంకొకటి కూడా ఉంది. కిలోమీటరు అనగానే నాకు హుషారు పుట్టింది. అంత దూరం రెండు తీగలు లాగడానికి మా దగ్గర తీగ లేదు. కానీ ఒక్క తీగతో చెయ్యొచ్చు. పాతకాలం టెలిగ్రాఫు అట్లాగే నడిచేది. రెండు చివర్లా భూమిలో ఇనుప కమ్మీ పాతితే, తీగలో పోయిన విద్యుత్తు నేలలోనుంచి తిరిగి వస్తుంది. పదిహేనేళ్ళుగా బోర్డుమీద రంగు సుద్దముక్కలతో గీసి చెప్పిన పాఠం. దాన్ని నిజంగా చేసి చూసే అవకాశం నాకు ఎప్పుడూ రాలేదు.

"సరేనప్పా, దూరమైనా చెయ్యొచ్చు" అన్నాను.

అక్క చూపు తిప్పుకుంది. రేడియో ఆయన నన్ను పక్కకు పిలిచి, "టీచర్, దగ్గరి ఇల్లు వదిలిపెట్టి ఇంత సర్కసు యాల?" అని మెల్లగా అడిగాడు. వాళ్ళ ఇల్లు, వాళ్ళ ఇష్టం అని కసురుకున్నాను.

మూడు ఆదివారాలు పట్టింది. తీగను చెట్లకూ, కరెంటు లేని పాత స్తంభాలకూ కట్టాం. పగిలిన సోడాసీసాల మెడలు తెచ్చి, తీగ చెట్టుకు తగలకుండా వాటిలోనుంచి పోనిచ్చాం. రెండు ఇళ్ళ పెరట్లోనూ గుంట తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి, పాత బోరు పైపు ముక్కలు పాతాం. వానలు పడి నేల మెత్తగా ఉన్న రోజులు. అక్క బాన ముందు నిలబడి కాలితో తొక్కగానే, కిలోమీటరు అవతల గంట గణగణా మోగింది. అక్కడున్న పోస్టాఫీసు గుమాస్తా సైకిలేసుకుని వచ్చి ఆ మాట చెప్పేదాకా మాకు ఊపిరి ఆడలేదు. అక్క నవ్వింది. నేను ఎగిరి గంతెయ్యలేదు గానీ, వేసినంత పని చేశాను.

"ఒక్కటి గుర్తుపెట్టుకో అక్కా" అని చెప్పాను. "ఎండాకాలం నేల ఎండిపోతే ఇది పనిచెయ్యదు. దినామూ పొద్దున ఈ కమ్మీ మొదట్లో ఒక చెంబు నీళ్ళు పోయాల."

"తులసెమ్మకు పోసినట్టు పోస్తా పో" అంది.

మరిది ఇంట్లో కూడా ఆ మాటే చెప్పాను. ఆయన భార్య తల ఊపింది. జనవరిలో ఒకసారి పోయి చూశాను, మోగింది. ఏప్రిల్లో పోవాల్సింది. టెన్త్ పేపర్లు దిద్దే పని పడింది, పోలేదు.

మే నెలలో ఒకరోజు రేడియో ఆయన షాపు మూసి, మా ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఏమీ చెప్పకముందే నాకు తెలిసిపోయింది.

అక్క మదనపల్లెలోనే ఆసుపత్రిలో ఉంది. నేను పోయేసరికి వరండాలో నేలమీద వాడలోని ఆ మొదటి ఇంటామె కూర్చుని ఉంది. చీరమీద నెత్తురు ఎండిపోయి ఉంది. మధ్యాహ్నం ఇంటికి పోయి తిని మళ్ళీ తోటలోకి వచ్చాక, నీళ్ళు తాగి పోదామని అక్క ఇంటి వెనక్కి వచ్చి చూసింది ఆమేనట. టమాటా పెట్టెలు పోతున్న టెంపోను ఆపి, పెట్టెలు దింపించి, అక్కను ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది ఆమే. మరిది వాళ్ళకు కబురు అందింది ఆ తర్వాతే.

"గంట మోగలేదామ్మా ఊళ్ళో?" అని ఆమెను అడిగాను. ఇంకేం అడగాలో తోచలేదు.

"మోగలేదంట. వాళ్ళు ఇంట్లోనే ఉండారంట." ఆమె నా ముఖంలోకి చూసింది. "నేను గూడా ఇంట్లోనే ఉంటిని టీచరమ్మా. సంగటి తింటా ఉంటిని. ఆ గంట మా ఇంట్లో ఉండుంటే చెయ్యి కడక్కుండా వచ్చుందును."

నేను ఆమె పక్కన నేలమీద కూర్చున్నాను.

"వాళ్ళు అన్నారంటే అన్నారు. నువ్వు గూడా మావోళ్ళే గదమ్మా. నువ్వన్నా అనలేదా?"

ఆమె గొంతులో కోపం కూడా లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నేను లేచి లోపలికి పోయాను. సిగ్గుతో పోయాను.

అక్క తలకు కట్టు, రెండు చెవులకూ కట్టు. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను గుర్తుపట్టింది. మాట బాగా మెల్లగా వచ్చింది.

"దినామూ పోసినా టీచరమ్మా. ఒక్క దినం తప్పలేదు."

"తెలుసక్కా."

"తొక్కినా. మూడు తూర్లు తొక్కినా. మోగిందా?"

ఈ ఒక్క జవాబు కోసమే నేను ఇదంతా రాస్తున్నాను. మోగలేదు అని చెప్పి ఉండాల్సింది. నేల ఎండిపోయింది, ఆ చివర ఎవరూ నీళ్ళు పొయ్యలేదు, అంత దూరం లాగడం నా తప్పు అని చెప్పి ఉండాల్సింది. ఆమె చేసిన పని వృథా కాలేదని చెబితే ఊరట పడుతుందనుకున్నానో, నా తీగ పని చెయ్యలేదని నా నోటితో ఒప్పుకోలేకపోయానో, రెండూనో, ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు.

"మోగిందక్కా" అన్నాను.

ఆమె కాసేపు పైకప్పు వైపు చూసింది.

"మోగితే యాల రాలేదు?" అంది.

ఆమె ముఖం గోడవైపు తిప్పుకుంది. మరిది భార్య ఆ సాయంత్రం జావ కాచి తెచ్చి, ఒక్క చెంచా తాగమని బతిమాలింది. అక్క నోరు తెరవలేదు. ఆ పిల్ల ఏడుస్తూ నన్ను చూసి, "ఏమన్నా కోపమా మా మీద?" అని అడిగింది. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. నర్సు వచ్చింది, అందరినీ బయటికి పంపింది, నేను ఇంటికి పోయాను. పొద్దున చెబుదామనుకున్నాను. నాలుగో రోజు అక్క పోయింది. ఆ మధ్యలో ఆమెకు మళ్ళీ తెలివి రాలేదు.

తన వాళ్ళు గంట విని కూడా రాలేదని అనుకుంటూ పోయింది. అట్లా అనుకునేలా చేసింది నేను.

దినకర్మ అయ్యాక తీగ విప్పడానికి పోయాం. మరిది ఇంటి పెరట్లో నేల నెర్రెలు విచ్చి ఉంది. కమ్మీ చుట్టూ మట్టి వదులై, చేత్తో లాగితే పైకి వచ్చేసింది. ఆయన భార్య పక్కనే నిలబడి ఉంది. "ఫిబ్రవరిలోనే బాయి ఎండిపాయ టీచరమ్మా. ట్యాంకరు వస్తే రెండు బిందెలు. తాగేదానికే ల్యాకపోతే ఇనప కమ్మీకి యాడ పోసేది?" అంది. ఆ పిల్లది తప్పని నేను ఎప్పుడూ అనుకోలేదు. రెండు వందల పది అడుగులకు రెండు తీగలు లాగి ఉంటే ఏ ఇంట్లోనూ ఏ కమ్మీకీ నీళ్ళు పొయ్యాల్సిన పని ఉండేది కాదు. ఎండిపోతుందని తెలిసిన నేలను నమ్ముకుని నేను పాఠం చెప్పాను. మరిదికి కూడా ఆ రోజు ఏదో చెబుదామనుకున్నాను. ఆయన తీగ చుట్ట నా చేతికి ఇస్తూ, "మీరేం చేస్తారమ్మా, మా వదిన రాత" అన్నాడు. ఆ మాట పట్టుకుని బయటపడ్డాను.

మోటారు సైకిల్ మీద వచ్చిన ఆ ఇద్దరూ తర్వాత కర్ణాటక వైపు ఎక్కడో దొరికారని పేపర్లో చదివాను. నాకు దానితో ఏమీ తీరలేదు. రేడియో షాపు వెనక గదికి పోవడం మానేశాను. పాఠంలో టెలిగ్రాఫు వచ్చిన రోజు పిల్లలను చదువుకోమని చెప్పి కిటికీ దగ్గర నిలబడేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటాక మా ఆయనకు రైల్వేలో కుప్పం బదిలీ అయింది. నేనూ అక్కడే ఒక చిన్న స్కూల్లో చేరాను. సెల్‌ఫోన్లు టౌనులో కనపడసాగిన రోజులు. తమిళనాడు సరిహద్దు పల్లెల్లో సిగ్నలు ఉండేది కాదు. అట్లాంటి ఒక పల్లెలో ఒంటరి ఇంట్లో ఒకామెను కొట్టి దోచుకున్నారు. పొదుపు సంఘం ఆడవాళ్ళు నా సంగతి ఎక్కడ విన్నారో, గంట పెట్టమని మా ఇంటికి వచ్చారు. ఆ పని నాకు చేతకాదన్నాను. రెండోసారి వచ్చారు. కసిరాను. మూడోసారి వచ్చినప్పుడు వాళ్ళను కూర్చోబెట్టి, అక్క సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పాను, మోగిందని అబద్ధం చెప్పింది కూడా. అంతకుముందు ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా.

"ఏ ఇల్లు దగ్గరైతే గంట ఆ ఇంట్లోనే ఉంటుంది. ఆ ఇల్లు ఎవరిదైనా సరే. ఒప్పుకుంటే చేస్తాను" అన్నాను.

ఇద్దరు వెంటనే లేచి వెళ్ళిపోయారు. వారం తర్వాత ఒక్కామె వచ్చి సరేనంది. రైతు ఇంటి కోడలు, భర్త బెంగుళూరులో పనిచేస్తూ వారానికొకసారి రైల్లో వచ్చేవాడు. చిన్న పిల్లలతో మళ్ళ నడుమ ఉండేది. ఆమెకు దగ్గరి ఇల్లు దళితులది, అరవై అడుగుల దూరంలో. అక్కడ ఒక బలమైన ఆడమనిషి, రాళ్ళ క్వారీలో పనిచేసి వచ్చి పెళ్ళిళ్ళకు వంటపాత్రలు మోసే మనిషి, అత్తతో ఉండేది. రెండు తీగలు లాగాను. భూమితో పని పెట్టుకోలేదు.

పని అయ్యాక ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. గంట వినగానే ఏది చేతికి దొరికితే అది పట్టుకుని పరుగెత్తుకుని రావాలి, ఎక్కడా ఆగకుండా నేరుగా బాన దాకా రావాలి. ఇద్దరూ సరేనన్నారు. నేను గడియారం చూసుకుంటూ వసారాలో నిలబడ్డాను. కోడలు కాలితో తొక్కింది.

గంట మోగడం ఇక్కడికే వినిపించింది. క్వారీ ఆమె రోకలి పట్టుకుని ఎంత వేగంగా వచ్చిందంటే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. కోడలి ఇంటి దడి దగ్గరికి వచ్చి, ఠక్కున ఆగిపోయింది. రోకలి చేతిలోనే ఉంది, రొప్పుతోంది, కాళ్ళు మాత్రం దడి బయటే ఉన్నాయి.

"యాల ఆడనే నిలబడినావమ్మా?" అన్నాను.

"పిల్సలేదు గదమ్మా" అంది.

గంట మోగడమే పిలవడమని నేను అరవబోయాను. అరవలేదు. ఎవరూ నేర్పనక్కర లేకుండా ఆ దడి దగ్గర ఆగడం నాకూ వచ్చు. పుంగనూరులో నేను ఆగింది కూడా అట్లాంటి చోటే.

కోడలి వైపు తిరిగాను. "నువ్వు చెప్పు తల్లీ. నేను ఆ రోజు అడగాల్సింది అడగలేదు. ఈ రోజు అడుగుతాండాను."

ఆ పిల్ల నేల చూపులు చూసింది. ఊళ్ళో ఉండే అత్త ఆ రోజు రాలేదు, వాకిట్లో ఎవరూ లేరు. అయినా ఒకసారి చుట్టూ చూసింది. "రా లోపలికి. ఏం కాదులే" అంది.

ఆమె వచ్చింది. బానకు మూరెడు దూరంలో నిలబడి, చీర కుచ్చిళ్ళు దగ్గరికి పట్టుకుంది, దేనికీ తగలకుండా.

ఒక్క రీడింగుతో ఏదీ తేలదని పిల్లలకు చెప్పేదాన్ని. మళ్ళీ ఇంటికి పొమ్మన్నాను, మళ్ళీ తొక్కమన్నాను. ఐదుసార్లు చేయించాను. ఎండ నెత్తిమీదికి వచ్చింది, ఇద్దరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. ఐదుసార్లూ ఆమె దడి దగ్గర ఆగింది. ఐదోసారి కొంచెం తక్కువ సేపు ఆగింది. ఆ సంగతి నోటు పుస్తకంలో రాసుకుని, ఆరోసారి తొక్కమన్నాను.